మూత లోపలి తేదీ

గడియారం శుభ్రం చేసినప్పుడల్లా వెనకమూత లోపల తేదీ గీకిపెట్టడం లాంకాస్టర్ ఊళ్లో గడియారాలు బాగుచేసేవాళ్ల అలవాటు. లొరెట్టాకు ఆ పని నేర్పిన మేనత్త వెర్నా పోయి రెండేళ్లయింది. ఆమె ఇచ్చిపోయిన కుట్టుపెట్టె అడుగున, ఈ రాత్రి, చిన్న చేతిగడియారం దొరికింది.

"అది అత్తది కాదక్కా. శవపేటిక మూసేముందు అత్తది నేనే ఆవిడ చేతికి కట్టాను," అంది ఫోన్లో చెల్లెలు ఆర్లీన్. "వేరేదైతేనే రేపు పెళ్లిలో మా అమ్మాయికి పెడతాను. శవం మీది సొత్తు నాకొద్దు."

"కాసేపు నోరు మూసుకోవే."

లొరెట్టా సన్నకత్తితో మూత లేపి, భూతద్దం పెట్టి చూసింది. మూతనిండా అత్త రాతలోనే తేదీలు. చివరిది ఇవాళ్టిది. తడిమితే లోహపు పొడి వేలికంటింది.

"వేరేదేనా అక్కా?"

"అత్తదే," అంది లొరెట్టా. "శుభ్రం కూడా చేసింది."