మంచుగోడ పేరు

"పరంధామయ్య వద్దండీ. కృష్ణకుమారి అని పెట్టండి."

ఫోన్‌లో అవతల ఉన్నావిడ ఫైలు తిరగేసింది. అంటార్కిటికాలోని కొండలకీ లోయలకీ పేర్లు ఖాయం చేసే ఆఫీసులో ఉద్యోగి ఆమె.

"సర్, అక్కడ పనిచేసినవాళ్ళ లాస్ట్ నేమ్ పెట్టడం మా పద్ధతి. ఫస్ట్ నేమ్‌లు పెట్టం."

"ఆ పేరు నాదండీ."

"అవును సర్. మీరు గర్వపడాలి. ఈ నెలలోనే మ్యాప్ ప్రింటింగ్‌కి వెళ్ళిపోతుంది."

పరంధామయ్య థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. కోపం రాలేదు. అక్టోబరులో భార్య కృష్ణకుమారి పోయినప్పటి నుంచి ఆయనకు ఏదీ సరిగా రావడం లేదు, కోపమూ ఏడుపూ కూడా. అమెరికాలో ఆయన ఉండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ చలికాలమంతా మంచు పడుతూనే ఉంది. ఎవరో వచ్చి ఇంటి ముందు డ్రైవ్‌వే శుభ్రం చేసి పోయేవారు. ఎవరని కూడా ఆయన కనుక్కోలేదు.

పేరు పెట్టిన చోటు మనుషులుండే చోటు కాదు. ఎత్తయిన మంచు మైదానం ఉన్నట్టుండి తెగిపోయి, గోడలా కిందికి దిగుతుంది. ఆ గోడ మైళ్ళకు మైళ్ళు సాగుతుంది. పైనుంచి గాలి దాని మీదుగా కిందికి దొర్లుతుంది. చెట్టూ లేదు, పిట్టా లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు గానీ, ఇక్కడ దిబ్బ ఉంది, ఊరే లేదు.

డెబ్బైల చివర్లో వరసగా మూడేళ్ళు అక్కడ డేరాలు వేసుకుని కొలిస్తే గానీ, ఆ గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియలేదు. ఆ మూడేళ్ళూ చలికాలం వస్తే చాలు, ఇంట్లో ఒకరు మంచులో, ఒకరు ఫోన్ దగ్గర. ఇంట్లో ఉన్నవారు కూతురు రష్మికి జడ వేసి, డబ్బా కట్టి బడికి పంపి, క్షేమంగా ఉన్నామన్న కబురు కోసం కాచుకునేవారు.

ఇక పేరు సంగతి. అమెరికా వచ్చిన కొత్తలో ఆయన అన్ని కాగితాల మీదా మన పద్ధతిలోనే రాశాడు, ఇంటిపేరు ముందు, పేరు తరవాత. వేమూరి పరంధామయ్య. ఇక్కడివాళ్ళు చివరి మాటే ఇంటిపేరనుకున్నారు. దాంతో వేమూరివారు ఇంటిల్లిపాదీ పరంధామయ్యలైపోయారు. మార్పించుకోవచ్చు. ఆయనేమో "చూద్దాంలే" అన్నాడు. చూద్దాంలే అన్న పని ఎప్పుడయింది గనక!

దూరాన కమ్మింగ్ అనే ఊళ్ళో ఉంటున్న రష్మి ఫోన్ చేసింది.

"మళ్ళీ వాళ్ళకి కాల్ చేశావా నాన్నా? లీవ్ ఇట్. అమ్మ ఉంటే నవ్వేసేది."

"నవ్వి ఊరుకునేది. అదే నా బాధ."

"వాళ్ళు చేంజ్ చెయ్యరు నాన్నా."

"తెలుసు. అయినా అడుగుతాను."

ఇంకో రెండుసార్లు అడిగాడు. అదే జవాబు, అంతే మర్యాదగా.

ఆ వారమే జగదీష్ వచ్చాడు. పక్క ఊరు నోవైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ ప్రాంతానికి వచ్చి ఏడాదైనా కాలేదు, అప్పుడే తెలుగు సంఘం అధ్యక్షుడు. వెనకే అతని భార్య రేణు, చేతిలో పులిహోర డబ్బా.

"సర్, అంటార్కిటికాలో మన తెలుగు పేరు! న్యూస్ చూసి షాక్ అయ్యాను. ఉగాదికి మీకు సన్మానం. హాల్ బుక్ చేసేశాం."

"అది నా గొప్ప కాదు బాబూ."

"చూశావా రేణూ, పెద్దవాళ్ళంటే ఇలా ఉండాలి. ఎంత హంబుల్!"

"నిజమే చెబుతున్నా. నాకొద్దు."

"మీరు అలాగే అంటారు సర్. శాలువా కూడా ఆర్డర్ చేసేశా."

మనవాళ్ళతో ఇదే చిక్కు. వద్దంటే వినయం అంటారు. రెండోసారి వద్దంటే మహా వినయం అంటారు. మూడోసారి అనే ఓపిక ఆయనకు లేకపోయింది.

ఉగాది వచ్చేనాటికీ మంచు పూర్తిగా కరగలేదు. బడి ఆడిటోరియంలో కార్యక్రమం. పిల్లల డాన్సులయ్యాయి, పచ్చడి పంచారు. ఆయనకు దాని రుచి తెలియలేదు. తీపీ చేదూ ఒకేలా గొంతులోంచి దిగిపోయాయి.

స్టేజి మీదికి పిలిచారు. శాలువా కప్పారు. హాలంతా లేచి నిలబడింది. ముందు వరసలో పాత స్నేహితుడు శ్యామ్‌సుందర్ ఒక్కడే చప్పట్లు కొట్టకుండా తల వంచుకుని కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు అతన్ని అదోలా చూశారు.

వెనక తెరమీద మ్యాప్ వేశారు. అంతా తెలుపు. మధ్యలో వంకర గీత, దాని పక్కన ఆయన పేరు. పరంధామయ్య దానికేసి చాలాసేపు చూశాడు. మ్యాప్ ప్రింటైపోయిందని నిన్ననే ఆఫీసువాళ్ళు చెప్పారు. ఇక ఫోన్ చేయడానికి కూడా ఏమీ మిగల్లేదు.

జగదీష్ మైకు ఆయన చేతికిచ్చాడు.

"సర్, ఒక్క మాట చెప్పండి. ఆ గోడ అంచున మొదటిసారి నిలబడ్డప్పుడు మీకేమనిపించింది?"

ఆయన మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నేను పనిచేసిన కార్ల కంపెనీ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు బాబూ," అన్నాడు పరంధామయ్య, "అక్కడ నిలబడింది మా కృష్ణకుమారి."