వ్యాను హీటరు

"వారంటీ అయిపోతే మాత్రం? మా ఎల్ ఆల్టో ఊరి చలికి ఎక్కినవాళ్లంతా 'ఇది వ్యానా, ఐసుపెట్టా?' అని తిడుతున్నారు!" షోరూములో ఫోర్తునాతో అనే వ్యాను డ్రైవరు బల్ల గుద్దాడు.

"అరవకండి డాన్ ఫోర్తునాతో గారూ. కంపెనీవాళ్లను బతిమాలి ఒప్పించాను. కొత్త హీటరు ఉచితంగా వేస్తారట. పాతది వాళ్లకు పంపాలి," అంది షోరూములో పనిచేసే మిర్తా.

హీటరు విప్పిన మెకానిక్కు పకపకా నవ్వాడు. లోపలంతా ఎండిపోయిన పూలరేకులే.

"కోపకబానా మేరీమాత గుడిముందు కొత్త బండిని దీవించేటప్పుడు పూలు పైన చల్లుతారు గానీ, గాలి కంతల్లో కూరుతారా?" అన్నాడు.

"మా చిన్నది కూరింది. బండి లోపలికి కూడా దీవెన తగలాలంది," అన్నాడు డ్రైవరు.

మిర్తా గొంతు తగ్గించింది. "కంపెనీకి తెలిస్తే ఒప్పుకోరు. దులిపేసి పంపిద్దాం. ఈసారి పైపైన చల్లమని పిల్లకు గట్టిగా చెప్పండి."

మెకానిక్కు రేకుల్ని ఊదబోయాడు. డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. ఎలా ఉందో అలాగే బిగించెయ్."

"అదేంటి డాన్? మరి చలి?"

"మొన్న మృతుల పండక్కి దాని సమాధి మీద పూలు నేను చల్లాను తల్లీ. ఇవి మాత్రం అది చల్లినవి."