చస్తేనే కేసు

"ఇంతకీ బతుకుతుందా, పోతుందా? ఆ ఒక్క ముక్క చెప్పండి డాక్టరమ్మా," అన్నాడు ఫారెస్టు రేంజరు బోను ముందు గొంతుక్కూర్చుని.

జంతువుల ఆసుపత్రి బోనులో నక్క ముడుచుకుని పడుకుని ఉంది. వెనక కాళ్లు రెండింటికీ కట్లు. వీపు మీద బొచ్చు లేదు, చర్మమూ సగమే ఉంది. బ్రేకు తీగతో ఉచ్చు వేసి పట్టాడు ఒక మనిషి. కాళ్లు విరగ్గొట్టాడు. పెట్రోలు చల్లి నిప్పంటించి, అది ఎలా ఈడ్చుకుంటూ పోతుందో వీడియో తీసుకున్నాడు. అందులో వాడి మొహం కనబడదు గానీ నవ్వు వినబడుతుంది.

"పది రోజులు గడిచాయి కదా. ఆశ ఉన్నట్టే," అంది డాక్టరమ్మ.

రేంజరు మొహంలో సంతోషం కనబడలేదు. "అయితే వాడు నక్క తోక తొక్కాడు," అన్నాడు. అన్నాక బోనులోకి చూసి నాలిక్కరుచుకున్నాడు.

"అదేంటండీ?"

"చట్టం అలా ఉంది మరి. జంతువు బతికితే జరిమానా. చస్తే ఏడేళ్లు జైలు. సోమవారం జడ్జిగారు అడిగేది ఆ ఒక్కటే."

"బతికున్నదాన్ని కాల్చడం నేరం కాదా?"

"నేరమే. జరిమానా అంత నేరం."

డాక్టరమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఏడేళ్లు కూడా తక్కువే వాడికి," అంది.

"మా ఆవిడ ఏమంటుందో తెలుసా? నక్క కోసం మనిషిని ఏడేళ్లు లోపలేస్తారా, మీకేమన్నా మతి పోయిందా అంటుంది."

"వాడు ఆకలేసి చెయ్యలేదు. భయపడి చెయ్యలేదు. నవ్వుకోడానికి చేశాడు. మళ్లీ నవ్వు కావాలంటే ఇంకో ప్రాణి కావాలి కదండీ?"

"నాకు చెప్తారేంటమ్మా! ఇది మూడోది. నీటికుక్క కేసులో జరిమానా కట్టి, కోర్టు నుంచి ఇంటికెళ్తూ దారిలోనే కొత్త తీగ కొనుక్కెళ్లాడు."

అంతలో గేటు చప్పుడైంది. ఆ మనిషే. బెయిలు మీద బయటికొచ్చిన దగ్గర్నుంచీ రోజూ వస్తున్నాడు, చేతిలో గుడ్ల సంచితో. ఆ నక్క బతకాలని వాడు కోరుకున్నంతగా దాన్ని కన్నతల్లి కూడా కోరుకుని ఉండదు.

"తింటోందా డాక్టరమ్మా? మూగజీవం కదా, మనసు ఆగక వచ్చాను. నేను చెయ్యలేదండీ. ఆ వీడియోలో గొంతు నాది కాదు."

కోతి కేసులో బావమరిది చేశాడన్నాడు. నీటికుక్కని వీధికుక్కలు కరిచాయన్నాడు. అబద్ధం ఆడేటప్పుడు కనురెప్ప కూడా వెయ్యడు.

వాడి గొంతు వినగానే నక్క కట్ల కాళ్లతో పాక్కుంటూ బోను మూలకి నక్కింది. దాని కింద సిమెంటు తడిసిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ బోనులు కడుగుతున్న బాబాయ్ చూసి పళ్లు కొరికాడు.

"వాణ్ణి పొమ్మనండమ్మా. నా చేతిలో చీపురుంది, నా మాట నేను వినను."

వాడు పోతూ పోతూ తలుపు దగ్గర ఆగాడు. "తగ్గాక అడవిలో ఎక్కడ వదుల్తారండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

డాక్టరమ్మ చాలాసేపు ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్నే బాబాయ్ కేకలు పెట్టుకుంటూ వచ్చాడు. "అమ్మా, లేచింది! నిలబడింది! నీళ్లు తాగుతోంది!"

నిజమే. కట్ల మీద వణుకుతూ నిలబడి గిన్నెలో మూతి పెట్టింది. బాబాయ్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

"నేను వెళ్లి కాస్త మాంసం పట్టుకొస్తా. ఈ పూట దాని కడుపు నిండాలి."

"వెళ్లు బాబాయ్. తొందరేం లేదు, నెమ్మదిగా రా," అంది డాక్టరమ్మ నక్క వైపే చూస్తూ.

గంటలో తిరిగొచ్చేసరికి బోనులో తెల్లగుడ్డ కప్పి ఉంది. డాక్టరమ్మ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"గుండె ఆగిపోయింది బాబాయ్."

అతను మాంసం పొట్లంతోనే నేల మీద కూలబడ్డాడు. "ఆరిపోయే దీపానికి వెలుగెక్కువంటారు, ఇదేనేమో తల్లీ. నువ్వు మాత్రం ఏం చేస్తావు? పదకొండు రోజులు కంటి మీద కునుకు లేకుండా చూశావు."

డాక్టరమ్మ కుళాయి కట్టలేదు.

పోస్టుమార్టం ఆమే చేసింది. కాలిన గాయాల వల్ల మరణం అని రాసి సంతకం పెట్టింది. సోమవారం జడ్జిగారు ఆ కాగితం రెండుసార్లు చదివి ఏడేళ్లు వేశారు. నక్క కోసం ఒక మనిషి జైలుకి వెళ్లడం ఆ కోర్టులో అదే మొదటిసారి. వరండాలో జనం గుమిగూడారు.

"గెలిచామండీ!" అన్నాడు రేంజరు. "ఇక ఏడేళ్లు అడవి నిశ్చింతగా ఉంటుంది."

డాక్టరమ్మ తలూపింది. ఆమెకు గెలిచినట్టు లేదు. కట్ల మీద వణుకుతూ నిలబడ్డ ఆ నాలుగు కాళ్లే కళ్ల ముందు ఉన్నాయి. ఇకముందు ఏ జంతువు మీదా చెయ్యి వేసే ధైర్యం తనకు ఉండదని అనిపించింది.

పోలీసులు వ్యాను ఎక్కిస్తుంటే వాడు వెనక్కి తిరిగి గొంతు చించుకున్నాడు. "నేను చంపలేదు! అమ్మతోడు, ఆ నక్కని నేను చంపలేదు!"

"నీటికుక్క కేసులో పెళ్లాం మీద ఒట్టేశాడు, ఇప్పుడు అమ్మ మీద వేస్తున్నాడు. కుక్క తోక వంకర పోతుందా?" అని నవ్వాడు రేంజరు.

ఈసారి వాడు చెప్పింది నిజం.