ఉప్పునీటి బోల్టులు

"ఆ పేరు నా కొట్లో ఎత్తొద్దు" అన్నాడు హుమాయున్, చేతిలో సుత్తి దించకుండానే.

గుమ్మంలో నిలబడ్డ లాజరు గోనెసంచి నేల మీద పెట్టాడు. బందరు అవతల, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న హుమాయున్ అత్తగారి ఊళ్ళో పడవ నడిపేది అతనే. తిరువూరు రావడం ఇదే మొదలు.

"ఎత్తక తప్పదు అల్లుడుగారూ. కూలిన చెక్కల రేవు మళ్ళీ కడతన్నారు. బోల్టులు ఎవరి దగ్గర కొనాలో మిమ్మల్నే అడిగి రమ్మన్నారు మీ మామగారు. షంషేర్ గారైతే..."

"వాడి దగ్గర తప్ప ఎక్కడైనా కొనండి. అంతే నా మాట."

బండి చక్రానికి బోల్టు కోసం వచ్చిన గంపలగూడెం అంకారావు నవ్వాడు. "ఈయన చెప్పాక షంషేర్ దగ్గర మేకు కొన్నవాడు లేడయ్యా ఈ చుట్టుపక్కల. కొట్టు ఎత్తేసి ఖమ్మం పోతన్నాడంట."

హుమాయున్ అతనికి బోల్టు ఇచ్చి, డబ్బాలోంచి రెండు వాషర్లు తీసి పైన వేశాడు. పాత డ్రమ్ముల రేకు కత్తిరించి తనే కొట్టుకున్న వాషర్లు. ఒకవైపు డ్రమ్ము పచ్చరంగు అలాగే ఉంటుంది.

"కొసరు" అన్నాడు.

"మా ఊరి బళ్ళన్నిటికీ నీ పచ్చ బిళ్ళలే భాయ్."

"కొసరు లేకుండా నా కొట్లోంచి ఏదీ పోదు. పెళ్ళయిన కొత్తలోనే నేర్పాను మా ఆవిడకి. నేను లేనప్పుడు నాకంటే ఎక్కువే వేసేది."

ఆ మాటతో అతని మొహం మళ్ళీ గట్టిపడింది.

ఆ రేవు మొదట కట్టినప్పుడు, ఇనుప పని తెలిసిన అల్లుడు ఉన్నాడు గదా అని మామగారు బోల్టుల సంగతి హుమాయున్‌కే వదిలేశాడు. హుమాయున్ దాన్ని షంషేర్ చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు. షంషేర్ మద్రాసు దాకా పోయి వచ్చాడు.

"ఉప్పునీళ్ళకి ఇనుము ఆగదు. మనం నీళ్ళు తాగే గ్లాసుల స్టీలు కూడా చాలదు. ఓడలకి వాడే స్టీలు వేరే ఉంది, అదే తెచ్చా. దానికి తగ్గ వాషర్లు వెనక లారీలో వస్తాయి" అన్నాడు.

హుమాయున్ నమ్మాడు. మెహరున్నీసా పుట్టింటికి పోతూ బోల్టుల పెట్టె తనే తీసుకెళ్ళింది. పెట్టె బస్సు పైన, ఒళ్ళో కొంగు కప్పిన చిన్న మూట. ఆ మూట ఏంటని అడిగితే, "పుట్టింటి రేవుకి మన వంతు" అని నవ్వింది. ఎప్పుడూ తీసుకెళ్ళే మామిడి తాండ్రే అనుకున్నాడు.

రెండు వానాకాలాలు గడిచాయో లేదో, అదే రేవు మీద పడవ కోసం నిలబడ్డ మెహరున్నీసా కాళ్ళ కింద చెక్కలు ఊడిపోయాయి. మర్నాటికి గాని శవం తేలలేదు.

హుమాయున్ ఆ తర్వాత పాయ వైపు పోలేదు. పోయి చూసొచ్చింది షంషేరే. వచ్చి ఒక్క మాట చెప్పలేదు. తప్పు చేసినవాడికి మాటలేం ఉంటాయి? ఆ రోజు నుంచి హుమాయున్ అతని సలాము తీసుకోలేదు. నమాజులో పక్కన నిలబడాల్సి వస్తే వరస మారేవాడు.

"ఆ సంచిలో ఏంటి?" అని లాజరుని అడిగాడు.

"ఆ పాత బోల్టులే. దూలాల్లోంచి పీకి తెచ్చాం."

హుమాయున్ లేచాడు. "అంకారావూ, వాణ్ణి పిలుచుకురా. నీ కళ్ళ ముందే చూపిస్తా, నా ఇల్లు దేనితో కూల్చాడో."

షంషేర్ వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. సలాము చెప్పాడు.

హుమాయున్ సంచి బోర్లించాడు. నాచు, గవ్వపెంకులు పట్టిన బోల్టులు దొర్లాయి. కిరసనాయిలు గుడ్డతో ఒకటి రుద్దాడు. తెల్లగా మెరిసింది. ఇంకోటి రుద్దాడు. అదీ అంతే. గోడకున్న అయస్కాంతం తీసి ఆనించాడు. అంటుకోలేదు.

"కంచాల కొట్లో పెట్టి అమ్మేలా ఉన్నాయే" అన్నాడు అంకారావు.

"మరి చెక్కలెందుకు ఊడాయి?" అన్నాడు హుమాయున్.

"బోల్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి అల్లుడుగారూ" అన్నాడు లాజరు. "తలకాయల కింద చెక్కని అదిమి పట్టే వాషర్లే తుప్పుకి పొడైపోయాయి. బెజ్జాలు పెద్దవై చెక్కలు బోల్టుల మీదుగా పైకి లేచొచ్చేశాయి. ఆ వాషర్లు ఒట్టి ఇనపవంట."

హుమాయున్ షంషేర్ వైపు తిరిగాడు. "నలుగురూ చూసే బోల్టు మంచిది పెట్టి, కనపడని దగ్గర కక్కుర్తి పడ్డావా?"

షంషేర్ తల దించుకున్నాడు.

"ఇదొక్కటే మిగిలింది. పడవ తారు అంటుకుని బతికినట్టుంది" అంటూ లాజరు జేబులోంచి నల్లటి బిళ్ళ తీశాడు.

హుమాయున్ అందుకున్నాడు. షంషేర్ ఒక్క అంగలో వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని వదిలెయ్ హుమాయున్. ఒప్పుకుంటున్నా. ఇనపవి పెట్టింది నేనే. ఊరు వదిలి పోతున్నాగా, ఇంకేం కావాలి?"

"విన్నావుగా అంకారావూ?"

"విన్నా భాయ్. సొంత నోటితోనే అన్నాడు." అంకారావు గుమ్మం బయటికి ఉమ్మేశాడు.

హుమాయున్ చెయ్యి విదిలించుకున్నాడు. "దీన్ని కడిగి నా గుమ్మానికి వేలాడదీస్తా. నీ మోసం ఎట్టా ఉంటుందో వచ్చేపోయే ప్రతివాడూ చూడాలి."

"వద్దు భాయ్. అల్లా మీద ఆన."

హుమాయున్ గుడ్డను మళ్ళీ కిరసనాయిల్లో ముంచి, కసిగా రుద్దాడు. తారు చారలు చారలుగా కరిగి వేళ్ళకు అంటుకుంది.

కింద పచ్చరంగు తేలింది.