మొదటి గుటక

నలభై ఏళ్లుగా వేర్లూ ఆకులూ దంచుతున్నాను. నా చేతి మందు తాగి చచ్చినవాడు ఈ దేశంలో ఒక్కడూ లేడు. ఈ మాట ఏ చర్చి మెట్ల మీదైనా నిలబడి చెబుతాను. ఇంకో గొప్ప కూడా ఉంది: దేశానికి ఉపాధ్యక్షుణ్ణి ఎంచిన గదిలో నేనున్నాను. గదంటే గది కాదు, వసారా. ఉన్నానంటే, ఒక మూల రోలు ముందు కూర్చుని ఉన్నాను. మందులు దంచేవాడి ముందు ఎవరూ గొంతు తగ్గించరు.

"సాయంత్రం ఐదింటికల్లా ఇద్దరి పేర్లూ ఇవ్వాలి, దోన్ ఎర్మీనియో," అంది పార్టీ కార్యదర్శి దోన్యా ఒబ్దూలియా, మెడ మీద చెమట తుడుచుకుంటూ. "అధ్యక్షుడిగా మీ పేరుంది. ఉపాధ్యక్షుడి చోటు ఖాళీగా ఉంటే కాగితమే తీసుకోరు."

డెబ్బై రెండేళ్ల దోన్ ఎర్మీనియో ఉయ్యాల మంచంలో పడుకుని చెయ్యి చాచాడు. పక్కనే పీట మీద కూర్చున్న నౌకరు సిరియాకో ఎద్దుకొమ్ములోని తెరెరె ఆకు మీద చన్నీళ్లు పోశాడు, మా దేశపు చల్ల టీ అది. అందులో నేను దంచిన వేరు కలిసి ఉంటుంది. కొమ్ము ఒకటే, పీల్చే వెండి గొట్టం ఒకటే, ఎంతమంది ఉన్నా అదే చేతులు మారుతుంది. మొదటి గుటక మాత్రం పోసేవాడిది. చేదంతా ముందు వాడు మింగాలి. నీళ్లలో ఏదైనా ఉంటే ముందు వాడు పడాలి. ఇరవై ఆరేళ్లుగా దొర కొమ్ములో మొదటి గుటక సిరియాకోదే. వాడు తాగి, మళ్లీ నింపి అందించాడు.

"సెనేటర్ బెనెగాస్?" అంది ఒబ్దూలియా.

"తెలివైనవాడు. అందుకే వద్దు."

"గవర్నరు భార్య? ఆవిడంటే జనం పడి చస్తారు."

"వాళ్లు పడి చావరు. నేను చావాలని మొక్కుకుంటారు."

"పోనీ జనరల్?"

"వాడు మొక్కుకోడు. వాడే చంపేస్తాడు."

"మరి ఎలాంటివాడు కావాలండీ మీకు?"

"చెప్తా విను. వాణ్ణి నా కుర్చీలో ఊహించుకుంటేనే జనానికి చలిజ్వరం రావాలి. నేను తుమ్మితే నా శత్రువులే పరిగెత్తుకెళ్లి కొవ్వొత్తులు వెలిగించాలి. పక్కన నిలబెట్టుకునేవాడంటే అలా ఉండాలి."

అప్పుడు దొర చూపు సిరియాకో మీద పడింది.

"ఏరా, తెల్లచొక్కా వేశావేంటి? ఎవరి పెళ్లి?"

"పేర్లిచ్చే రోజు కదా దొరా. మీరు... పోయినసారి ఏదో అన్నారు కదా అని..."

పోయినసారే కాదు, అంతకుముందు నాలుగు ఎన్నికల్లోనూ అన్నాడు. గెలిస్తే నిన్ను పైకి తెస్తానని. దొర ఒక క్షణం వాణ్ణే చూసి, ఉయ్యాల ఊగిపోయేలా నవ్వాడు.

"ఒబ్దూలియా, వీడి పేరు రాయి!"

"హాస్యాలకి టైం లేదండీ."

"హాస్యం కాదు. మైకు ముందు నిలబెడితే ఏడ్చినవాడు వీడు. వీడు అధ్యక్షుడవుతాడంటే నా ప్రాణానికి దేశం దేశమంతా కాపలా కాస్తుంది. లేవరా, ఆవిడకి నీ మొహం చూపించు. చెప్పు, మనకి ఎన్ని దేశాలతో సరిహద్దు ఉంది?"

"మూ... మూడు దొరా."

"చూశావా నత్తి!"

జవాబు సరైనదే. ఎవరూ పట్టించుకోలేదు. వసారా అంతా నవ్వింది. సిరియాకో కూడా నవ్వాడు. నేను రోకలి కాస్త గట్టిగా వేశాను.

ఐదింటికి పేరు వెళ్లింది. ఎన్నికల్లో గెలిచారు. ప్రమాణస్వీకారం అయ్యాక అధ్యక్ష భవనం పెరట్లో అందరూ కూర్చుంటే, ఉపాధ్యక్షుడు మెడలో టైతోనే కొమ్ము నింపాడు. అలవాటుగా నోటి దగ్గరకి తీసుకెళ్లాడు. దొర ఠక్కున లాక్కున్నాడు.

"ఆగరా. ఇక్కడ ఒకటో నంబరు ఎవడు?"

"మీరే దొరా."

"నువ్వు?"

"రెండు."

"మరి? ఇక నుంచి మొదటి గుటక నాది. నా ఎంగిలి నీది."

మళ్లీ అందరూ నవ్వారు. "మీ ఇష్టం దొరా," అన్నాడు సిరియాకో.

మర్నాడు పొద్దున్నే నా దుకాణానికి నడిచొచ్చాడు. వెనక ఒక్క పోలీసూ లేడు.

"పెద్దాయనా, దొరకి వేరు కావాలి."

"మొదటి గుటక ఆయనే తాగుతున్నాడటగా? మొహం చిట్లించడం లేదూ?"

"మొదటి రోజు కదా. అలవాటు పడతాడు."

ఆ తర్వాత రోజూ వచ్చాడు. పదకొండో రోజున దోన్ ఎర్మీనియో కొమ్ము చేతిలో ఉండగానే ముందుకు పడిపోయాడు. గుండెపోటు. సిరియాకో మాత్రం ఇంకా గొట్టం ముట్టలేదు. దొర చెప్పినట్టే శత్రువులు పరిగెత్తుకెళ్లి కొవ్వొత్తులు వెలిగించారు. కాకపోతే కాస్త ఆలస్యంగా. కొత్త అధ్యక్షుడు మైకు ముందు నలభై నిమిషాలు మాట్లాడాడు. ఒక్క చోట కూడా నత్తి రాలేదు. అయినవాణ్ణి పోగొట్టుకున్నానని ఏడ్చాడు కూడా, సరిగ్గా ఏడవాల్సిన చోట.

నాకిప్పుడు అధ్యక్ష భవనంలో నీడపట్టున కొత్త రోలు ఉంది.

కథ చెప్పేవాడు ఎంత కల్పించాడో చివర్లో ఒప్పుకోవాలి. తెల్లచొక్కా నిజం. మూడు సరిహద్దులూ నిజమే. ప్రసంగం నలభై నిమిషాలు కాదంటారా, ముప్పై ఎనిమిది అనుకోండి. మొదట్లో కొట్టిన గొప్పలో కూడా కాసిని నీళ్లు కలిశాయి, పోనివ్వండి.

గుండెపోటు ఒక్కటే నా కల్పన.