బామ్మల సముద్రం

ఆ చలికాలం మొదట్లో బు చాంగ్‌సిక్ చేతిలో ఉన్నవి మూడే: జెజు దీవిలో రేవు బజారున సగం ఉప్పునీటి తొట్టి, భార్య గోళ్ళ రంగు సీసా, ఎనభై దాటినా సముద్రం వదలని పిన్ని.

తొట్టిలో మిగతా సగం పక్క దుకాణం మల్‌జాది. నత్తలకు గోడలు తెలియవు కనుక ఏది ఎవరిదో తేలక ఇద్దరూ రోజూ అరుచుకునేవారు. చివరికి చాంగ్‌సిక్ విసిగిపోయి, తను కొన్న ప్రతి సముద్రపు నత్తనూ తిరగేసి, గుల్ల అడుగున ఆ గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టి మరీ తొట్టిలో వేయసాగాడు.

"నత్తలకి సింగారమేమిటి అన్నయ్యా? పెళ్ళిచూపులా?" అంది మల్‌జా.

"నీ చేతివాటానికి మందమ్మా."

మల్‌జా నవ్వుతుండగానే ఆమె మేడ మీది గదిలో అద్దెకు దిగిన సియోల్ మనిషి వచ్చాడు. పేరు నామ్ గిహో.

"రెండు కిలోలు ఇవ్వండి. బతికున్నవే కావాలి."

చాంగ్‌సిక్ ఏరి, తూచి, మాట్లాడకుండా ఇచ్చాడు. బేరం బేరమే, కోపం కోపమే.

ఆ కోపానికి కారణం ఉంది. రేవు పక్కన లోతు లేని నీళ్ళను ఆ ఊళ్ళో బామ్మల సముద్రం అంటారు. నత్తల కోసం సముద్రంలో మునిగి బతికే ఆ ఊరి ఆడవాళ్ళలో, ముసలితనం వచ్చి లోతుకు మునగలేనివాళ్ళ కోసం ఊరు విడిచిపెట్టిన చోటది. వయసులో ఉన్నవాళ్ళెవరూ అక్కడ ఒక్క గుల్ల ముట్టరు. ఇప్పుడు అక్కడ దిగేది చాంగ్‌సిక్ పిన్ని సునోక్ ఒక్కతే. చూపు మసకబారింది. రాళ్ళ సందుల్లో వేళ్ళతో తడిమి ఏరుకుంటుంది.

గిహో వచ్చిన రోజునే ఆ నీళ్ళలో దిగాడు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. బకెట్ నిండా ఏరుకుని, ఉడికించుకు తిని, ఫొటోలు తీసి నలుగురికీ చూపించాడు. ఆ రోజు పిన్ని ఖాళీ సంచితో గట్టెక్కింది.

సంగతి తెలిశాక అతను కవరులో డబ్బు పెట్టుకుని పిన్ని గుమ్మం ముందు నిలబడ్డాడు. పిన్ని దాన్ని వీధిలోకి విసిరికొట్టింది.

"నేనేమైనా అడుక్కుంటున్నానా? నా నత్తలు నా సముద్రంలో ఉంటే చాలు, పో!"

ఆమె బాధ వేరే. ఆమె వయసుకు ఇక ప్రమాదమని మునిగే ఆడవాళ్ళ సంఘం ఒక షరతు పెట్టింది. నెలాఖరు తూకానికి గంప నిండాలి. నిండకపోతే రబ్బరు దుస్తులు అప్పగించి ఇంట్లో కూర్చోవాలి. అందాకా పట్టినవన్నీ గట్టుకు కట్టిన వలసంచిలో, నీళ్ళలోనే బతికుంటాయి.

"నన్ను ఒడ్డున కూర్చోబెడితే చేపలాగే పోతానురా," అంది పిన్ని ఒకసారి. చాంగ్‌సిక్‌కి ఆ మాట గొంతులో ముల్లై కూర్చుంది.

అందుకే ఒకనాటి తెల్లవారుజామున, బామ్మల సముద్రంలోంచి నడుము దాకా తడిసి గట్టెక్కుతున్న గిహోను చూసేసరికి అతని ఒళ్ళు మండిపోయింది.

"చిక్కావు! ఏదీ ఆ సంచి?"

లాక్కుని దులిపాడు. ఖాళీ.

"నన్ను చూసి పారబోశావు కదూ?"

గిహో వంగి ఖాళీ సంచి తీసుకున్నాడు.

"రోజూ నా దగ్గర రెండు కిలోలు కొంటావు. అది చాలక ముసలిదాని నోటి దగ్గరి కూడు లాక్కుంటావా? నీది పొట్టా, గోదామా?"

"తప్పు నాదేనండీ. మొదటి రోజే చేశాను."

"అది తెలియక చేశావు. మరి ఇవాళ్టిది?"

గిహో పిన్ని ఇంటి వైపు చూశాడు. "కాస్త నెమ్మదిగా అనండి. ఆవిడకి వినబడుతుంది."

"వినబడాలి! ఊరంతటికీ వినబడాలి! చుట్టంలా వచ్చినవాడు చుట్టంలా ఉండాలి. గుమ్మంలో కాలు పెట్టగానే వంటింట్లో చెయ్యి పెడతావా?"

ఊరంతా విన్నది. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపొమ్మని ఊరి పెద్ద తేల్చేశాడు. గిహో ఒక్కటే అడిగాడు.

"నెలాఖరు తూకం అయ్యేదాకా ఉండనివ్వండి."

"దేనికి? మిగిలినవి ఊడ్చుకుపోవడానికా?" అన్నాడు చాంగ్‌సిక్.

గిహో గది ఊడ్చి, పక్క మడిచి, బస్సెక్కాడు.

"విడ్డూరం అన్నయ్యా," అంది మల్‌జా. "మొదటి రోజు తప్ప, నా గిన్నె ఒక్కటీ పొయ్యెక్కించలేదు."

"పచ్చివే మింగి ఉంటాడు. సిగ్గులేనివాడికి నిప్పెందుకు?"

నెలాఖరు రానే వచ్చింది. సంఘం పెద్దావిడ, పిన్ని వలసంచి లాగించి గంపలో కుమ్మరించింది. గంప నిండింది. పైన గోపురంలా పేరుకుని కిందికి దొర్లాయి కూడా.

"ముసలిదాన్నయ్యానన్నారుగా!" పిన్ని తడి చేతులు గాల్లో ఆడించింది. "ఈ వేళ్ళకి కళ్ళున్నాయే!"

"ఇంకో ఏడాది దిగు తల్లీ, నీతో ఎవరు వాదిస్తారు?" అంది పెద్దావిడ.

చాంగ్‌సిక్ ఛాతీ ఉబ్బింది. ఆ దొంగ దోచుకోగా మిగిలినవే ఇన్నంటే, వాడే రాకపోతే ఇంకెన్ని ఉండేవో! బేరమాడకుండా గంపంతా తనే కొన్నాడు. పిన్నికి సముద్రం దక్కింది, తన తొట్టి నిండబోతోంది, దొంగ దీవి దాటాడు. ఎటు కూడినా లాభమే.

దుకాణంలో పీట వేసుకుని, గోళ్ళ రంగు సీసా మూత తీసి, గంపలోంచి మొదటి నత్తను తిరగేశాడు.

ఎర్ర చుక్క అప్పటికే ఉంది.