మూడో శాంపిల్

"రెండుసార్లూ ఫెయిలే! మూడోసారి కూడా ఇలాగే వస్తే ఆ దీపాల మిషనూ ఉండదు, నువ్వూ ఉండవు," అంటూ మేనేజర్ రిపోర్టుని బల్ల మీద పడేశాడు.

కెమిస్టు ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఆ మురుగునీటి శుద్ధి కేంద్రంలో చేరి ఐదు నెలలైంది. ఇంకో నెల గట్టెక్కితే ఉద్యోగం పర్మనెంటు.

"లెక్క నేను పుట్టించింది కాదు సార్. నీళ్లలో ఎన్ని క్రిములుంటే అన్నే రాశాను. రెండు వందలు దాటకూడదు. మొదటిసారి పద్దెనిమిది వందలు, రెండోసారి రెండు వేల పైమాటే."

"మా దీపాలకి ఏ వంకా లేదండీ," అందుకున్నాడు దీపాల కంపెనీ ఇంజనీరు. "బిగించి రెండు నెలలు కాలేదు, ఇంకా కొత్త వాసన కూడా పోలేదు. కాలువ నీళ్లలో, గాజు గొట్టంలో ఒక్కో దీపం, ఇరవై నాలుగూ భేషుగ్గా వెలుగుతున్నాయి. ఆ అతినీలలోహిత కాంతి తగిలితే ఏ క్రిమీ బతకదు. బతికిందంటే, ఎవరో పనిగట్టుకుని బతికిస్తున్నారన్నమాట."

మేనేజర్ కిటికీలోంచి క్లోరిన్ గది వైపు చూశాడు. "దీపాలు పాసైతే ఇక క్లోరిన్‌తో పనేముంది? ఆ గదికి తాళం, ఆపరేటర్ ఇంటికి. ఆ ఆపరేటర్ నీకేమవుతాడో నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. కన్నతండ్రి.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. కానీ మెట్లు దిగేసరికి ఆ మంట చల్లారి, అనుమానం మొదలైంది. తను లెక్క మార్చలేదు, సరే. మరి నాన్న? మొన్న ల్యాబులో శాంపిల్ సీసాల పెట్టె పక్కన నిలబడి, రిపోర్టు కాగితం తిరగేస్తూ కనిపించాడు. ఏంటి నాన్నా అంటే ఊరికే అన్నాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆ మనిషి ఊరికే నిలబడ్డది ఎప్పుడని? ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

మర్నాడు ఆరింటికే ప్లాంటుకి పరిగెత్తింది. దీపాల కాలువ గట్టెక్కి వస్తూ ఎదురయ్యాడు నాన్న. చొక్కా చేతులు భుజాల దాకా తడిసి ఉన్నాయి.

"నాన్నా! డ్యూటీ క్లోరిన్ గదిలో అయితే ఇక్కడేం పని నీకు?"

"ఏం లేదమ్మా. నీళ్లెలా పోతున్నాయో చూద్దామని."

"చేతులు ముంచి చూశావా? ఏం కలిపావు అందులో?"

"నేనేం కలుపుతానే, పిచ్చిమొహమా!" అంటూనే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చూడు నాన్నా, నీ గది నిలబెట్టుకోవడానికి నా నోట్లో మట్టి కొట్టకు."

అన్నాక నాలుక కరుచుకుంది. ఏం లాభం, మాట జారిపోయింది. ఆయన గట్టు మీది సంచీ అందుకున్నాడు.

"శాంపిల్ ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి. అప్పటికి నువ్వీ చుట్టుపక్కల ఉండకూడదు."

"అలాగే తల్లీ," అని సంచీ భుజాన వేసుకుని గేటు దాటిపోయాడు. ఉప్పు తక్కువైందంటే అరగంట వాదించే మనిషి! మారుమాట్లాడకుండా వెళ్లిపోయేసరికి ఆమెకి అనుమానం ఇంకా పెరిగింది.

ఎనిమిదింటికి ఇంజనీరు దీపాలు వేశాడు. ఎనిమిదిన్నరకి ఆమె తన చేత్తోనే నీళ్లు పట్టి, సీసాకి సీలు వేసి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ల్యాబుకి తెచ్చుకుంది. పరీక్ష పళ్లేల్ని వేడిపెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి గుప్పిట్లోనే పెట్టుకు కూర్చుంది. కుర్చీలో కుదురుగా పది నిమిషాలు కూర్చోలేకపోయింది. లేచి తాళం లాగి చూడ్డం, మళ్లీ కూర్చోవడం. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

మరుసటి పొద్దున పళ్లెంలో పెరిగిన క్రిముల చుక్కలు లెక్కపెట్టింది. నమ్మలేక రెండోసారి లెక్కపెట్టింది. పదకొండు!

"చూశారా! ఒక్కరోజు గట్టిగా కాపలా కాస్తే ఎలా వచ్చిందో!" ఇంజనీరు చంకలు గుద్దుకున్నాడు.

"ఒకటో తారీఖు నుంచి క్లోరిన్ గది మూత," అన్నాడు మేనేజర్. "మీ నాన్నకి నువ్వే చెప్పమ్మా. నేను చెబితే బాగోదు."

తన ఉద్యోగం దక్కింది. ఎగిరి గంతెయ్యాలి నిజానికి. కానీ ఇంతకుముందు రెండుసార్లూ నాన్నే చెడగొట్టాడన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న అన్నం తింటున్నాడు. ఎన్నడూ లేనిది, చెంచాతో.

"పాసైంది నాన్నా. పదకొండే వచ్చాయి."

"హమ్మయ్య!" అన్నాడాయన. మొహం చేటంతయింది.

"నీ గది మూసేస్తారట."

"తెలుసులే. నువ్వు కాళ్లు కడుక్కుని రా, అన్నం తిందువు గాని."

ఆ నిబ్బరం చూసి ఆమెకి కోపమూ ఏడుపూ కలిసి తన్నుకొచ్చాయి. "అంతా తెలిసీ రెండుసార్లు ఎందుకు చెడగొట్టావు? నా గతేం కావాలనుకున్నావు?"

ఆయన జవాబు చెప్పేలోపే వంటింట్లోంచి అమ్మ గొంతు ఖంగుమంది. "ఏవండీ! మన నీళ్లకి కుళాయిలన్నీ తెల్లగా గారకట్టాయి, రుద్దుకుందామని రెండు పెద్ద పాకెట్ల నిమ్మఉప్పు తెచ్చిపెట్టుకున్నాను. రెండూ మాయం! దేనికైనా కావాలంటే ఒకటి తీసుకోవచ్చుగా?"

నాన్న పొక్కిపోయిన వేళ్లతో చెంచా పక్కన పెట్టి, వంటింటి వైపు తిరిగి అన్నాడు: "ఆ దీపాల గొట్టాలకీ అదే గార, వెలుగు నీళ్లకి తగిలితేగా! ఇరవై నాలుగు గొట్టాలు రుద్దాలంటే ఒక్క పాకెట్టు ఏ మూలకి?"